మా యింటి సముద్రం

వర్లీలో కాపురముంటూ, నాలుగడుగులు వేస్తే అరేబియా సముద్రం కనబడుతుండగా, ఆ సముద్రాన్ని తెచ్చి ఇంట్లో గాజు తొట్టెలో పెట్టుకోవడం ఎందుకని మీరు అడగవచ్చు. మా చాల్‌లో వాళ్లంతా అడిగారు. మాకున్నవి రెండు గదులు. ఒక గదిలో మంచం, మంచం పక్కన కుట్టుమిషను, మిషను పక్కన మూడు తరాల ట్రంకుపెట్టెలు. ఇంత సంసారంలో తొట్టెకు చోటెక్కడిది? చివరకు కుట్టుమిషనే కదిలి చోటిచ్చింది. అది ఎందుకు కదిలిందో చెబితేగాని మిగతా సంగతి మీకు బోధపడదు.

ఆ కుట్టుమిషను మా బాపమ్మది. ఆమె మా యిద్దరిలో ఒకరికి తల్లి, ఒకరికి అత్తగారు. పిల్లలు పిలిచే పిలుపే మా నోటా నిలిచిపోయింది. 1958లో, తన పద్దెనిమిదో యేట, కరీంనగరం వైపునుంచి ఒక నేతవారింటి కోడలుగా వర్లీకి వచ్చింది. తాత మిల్లులో మగ్గాలమీద పనిచేసేవాడు. 1982 సమ్మె తరువాత ఆ మిల్లు తలుపు ఆయన కోసం మళ్లీ తెరుచుకోలేదు. అటుపైన ఇల్లు నడిచింది ఈ మిషనుమీదనే, చీరలకు ఫాల్ కుట్టే డబ్బులతో. పగలంతా కుట్టి, సాయంకాలం దేవుడి దగ్గర దీపం పెట్టి, బాపమ్మ సముద్రం ఒడ్డుకు వెళ్లి గంటసేపు కూర్చుని వచ్చేది. పండుగైనా, పని ఉన్నా ఆ గంట మాత్రం ఆమెదే. "అక్కడ ఏం చేస్తావు బాపమ్మా?" అని పిల్లలడిగితే, "ఏం జెయ్య. సూస్త" అనేది.

2021 వానాకాలంలో మెట్లమీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది. గోడ పట్టుకుని గదిలో నడవగలిగింది కాని, మూడంతస్తుల మెట్లు దిగడం ఇక ఆమెవల్ల కాలేదు. మంచంమీదనుంచి చూస్తే కిటికీలో కనబడేది ఎదుటి చాల్ గోడ, దానిమీద ఆరవేసిన బట్టలు. రెండు నెలలు ఓర్చుకుంది. తరువాత మాటలు తగ్గించింది. ఆ తరువాత అన్నం తగ్గించింది. డాక్టరుగారు బలానికి మందు రాశారు. మా అబ్బాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. వాడు వేరే మందు రాశాడు. "బాపమ్మ సముద్రం దగ్గరికి పోలేదు. సముద్రాన్నే ఇంటికి తెద్దాం" అన్నాడు.

మాకూ ఆ మాట ముచ్చటగానే తోచింది. చిన్నప్పుడు మెరైన్ డ్రైవ్‌లోని తారాపోర్‌వాలా అక్వేరియం చూసినవాళ్లం గదా! 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారి చేతులమీదుగా మొదలైన ఆ చేపల ఇంట్లో, గాజుకు ముక్కు ఆనించి నిలబడటం మా తరం బొంబాయి పిల్లలందరికీ ఒక పండుగ. అలాంటిదే చిన్నది ఒకటి ఇంట్లో ఉంటే తప్పేమిటనుకున్నాము. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టె కొన్నాము. సుమారు 80 లీటర్లు పడుతుంది. ఒక ఆదివారం ఆటు సమయానికి ప్లాస్టిక్ క్యానులతో వెళ్లి, ఒడ్డునే నీళ్లు ముంచి, రాళ్ల సందుల్లో దొరికిన పీతపిల్లలు, నత్తలు, వేలెడంత చేప ఒకటి, మొత్తం పదకొండు ప్రాణుల్ని ఇంటికి తెచ్చాము. బాపమ్మ లేచి కూర్చుంది. "సూపు ఆనుతలేదు, దగ్గరికి జరుపుండ్రి" అంది. ఆ రాత్రి మాకు ఎంత గర్వమో!

మూడోనాడు తెల్లవారేసరికి అన్నీ చచ్చిపోయాయి. ఇల్లంతా వాసన. అబ్బాయి ఏడుస్తూ వాటిని కాగితంలో చుడుతుంటే బాపమ్మ, "ఏం జేసినయిరా గవి నీకు?" అని ఒక్కమాటే అని గోడవైపు తిరిగి పడుకుంది.

తప్పులు ఎన్ని చేశామో తరువాత తెలిసింది. మేము నీళ్లు ముంచిన చోటుకు కూతవేటు దూరంలో మురుగు కాలువ సముద్రంలో కలుస్తుంది. అది ఒకటి. పెద్దది ఇంకొకటుంది. ఏ ప్రాణి అయినా తిన్నది విసర్జిస్తుంది. ఆ విసర్జనలోనుంచి అమ్మోనియా పుడుతుంది. సముద్రంలో అది క్షణంలో కొట్టుకుపోతుంది. తొట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని మార్చి, హానిలేని స్థితికి తెచ్చే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. అవి తొట్టెలోని ఇసుకమీద, రాళ్లమీద, స్పాంజీలోను నెలకొనడానికి నెలా నెలన్నర పడుతుంది. అంతదాకా అందులో ప్రాణిని వేయకూడదు. మేము పొయ్యి వెలిగించకుండానే బంతిలో విస్తళ్లు వేసినట్టయింది.

ఇదంతా మాకు చెప్పినది తీరంలో కలిసిన ఒక అమ్మాయి. మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబై అనే పేరుతో 2017 నుంచి కొందరు యువతీయువకులు నగరంలోని వాళ్లను ఆటు వేళకు రాళ్లమీద నడిపించి, అక్కడి జీవుల్ని చూపిస్తూ వచ్చారు. ఆ అమ్మాయికీ అలాంటి నడకల అనుభవముంది. మా అబ్బాయి రెండోసారి వెళ్లినప్పుడు, పైన తేనెతుట్టెలా గళ్లు గళ్లుగా ఉన్న గులకరాయిని సంచిలో వేసుకోబోతుంటే, ఆమె వచ్చి చేయి పట్టుకుంది. అది రాయి కాదు, పగడం. వర్లీ రాళ్లమీద పగడమేమిటని మేము నోరు తెరిచాము. ఉన్నాయట. కోస్టల్ రోడ్డు పని వచ్చినప్పుడు, 2020లో, వర్లీ, హాజీఅలీల దగ్గరి పగడాలను అక్కడినుంచి తీసి మరోచోట నాటారు కూడానట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో పగడాలను, సముద్రపు గుర్రాలను, సముద్ర దోసకాయలను చేర్చారు గనుక, వాటిని పట్టి తీసుకుపోతే నేరం. నున్నగా, సూది మొన తేలిన శంకువులాంటి గుల్లను అందంగా ఉంది గదా అని తీయబోతే, లోపలి నత్త కుట్టి మనిషి ప్రాణానికే ముప్పు తేవచ్చు. ఏ రాయినైనా తిరగవేసి చూస్తే, చూసిన తరువాత మళ్లీ ఉన్నది ఉన్నట్టే బోర్లించి పెట్టాలి. లేకపోతే దాని కిందిభాగాన్ని అంటిపెట్టుకున్న జీవులన్నీ ఎండకు మాడిపోతాయి. అంతకుముందు మేము ఎన్ని రాళ్లు తిప్పి వదిలేశామో తలచుకుంటే సిగ్గేసింది. అరవై మూడేళ్లుగా మా కుటుంబం ఆ ఒడ్డునే ఉంటున్నది. దాని సంగతి ఇరవయ్యేళ్ల పిల్ల వచ్చి చెప్పవలసి వచ్చింది.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాము. ఈసారి ఒడ్డు నీళ్లు వద్దని, క్రాఫర్డ్ మార్కెట్ వైపు వెళ్లి సముద్రపు తొట్టెల కోసమని అమ్మే ఉప్పు తెచ్చాము. వంటింటి ఉప్పు చాలదా అని పక్కింటివారి సందేహం. చాలదు. సముద్రంలో ఉప్పుతోబాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, ఇంకా ఎన్నో కలిసి ఉంటాయి. లీటరుకు 35 గ్రాముల లెక్కన, ఒక్క తొట్టెకు మూడు కిలోలకు కాస్త తక్కువ పట్టింది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ విరిచి, ఉప్పు కలిపి, హైడ్రోమీటరు వేసి చూసి, గాలిపంపు తగిలించి, నెలన్నర రోజులు ఉత్త నీళ్లకు కాపలా కాశాము. "ఏందిరా, ఉత్త నీళ్లను సూసుడు?" అని బాపమ్మ విసుక్కునేది. కాని చూసేది.

2022 జనవరి 2 అమావాస్య. అమావాస్యకు, పున్నమికి బొంబాయిలో ఆటుపోట్ల తేడా ఎక్కువ. నీరు నాలుగు మీటర్లకు పైగా లేచి దిగుతుంది. సాయంకాలం పెద్ద ఆటుకు నల్లరాళ్లు బారులు తీరి బయటపడ్డాయి. ఈసారి తెచ్చినవి ఆరే ఆరు. నల్లని చిన్న నత్తలు నాలుగు, ఒక సన్యాసి పీత, విడిరాయికి అంటుకొని ఉన్న సాగర కుసుమం ఒకటి. ఏ గుంటలోనుంచి తెచ్చామో అబ్బాయి నోటుపుస్తకంలో బొమ్మ గీసుకున్నాడు.

సన్యాసి పీత పేరు విని బాపమ్మ ఒప్పుకోలేదు. "ఇల్లు మోసుకోని తిరుగుతడు, వీడు సన్యాసి ఎట్లయితడు? అదీ సొంతిల్లు గాదు. వీడు మనలెక్క బొంబాయి కిరాయిదారు. పగడీ ఇయ్యకుండ ఖోలీ దొరికిచ్చుకున్నడు" అంది. ఆపరేషను తరువాత ఆమె అన్ని మాటలు ఒక్కసారి అనడం అదే మొదలు. నిజంగానే దానిది అద్దె ఇల్లు. చచ్చిన నత్త వదిలిన గుల్లలో దూరి బతుకుతుంది, పెరిగితే ఇంకో పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. ఒడ్డున గుల్లలన్నీ మనం ఏరుకుపోతే వాటికి ఇళ్లుండవు. మా అల్మైరాలో పిల్లలు యేళ్ల తరబడి ఏరి దాచినవి సీసాడు ఉన్నాయి. వాటిలో మూడింటిని కడిగి తొట్టెలో వేశాము. వారం రోజులు దేన్నీ పట్టించుకోలేదు. ఒకనాడు మధ్యాహ్నం బాపమ్మ ఒక్కతే చూస్తుండగా, ఒక గుల్లలోకి కాలుపెట్టి, కొలిచి, తిప్పి, రెప్పపాటులో పాతది వదిలి కొత్తదాంట్లో దూరిందట. మేమెవ్వరం లేనందుకు ఆమెకు ఎంత సంతోషమో! ఆ కథ చాల్ అంతా విన్నది.

ఫిబ్రవరిలో అదే పీత గుల్ల పక్కన చచ్చి పడి ఉన్నది. కాళ్లు, కళ్లు అన్నీ ఉన్నాయి. అబ్బాయి తీసి పారవేయబోతుంటే, "ఆగు, గుల్లల సూడు" అంది బాపమ్మ. గుల్లలో ఇంకో పీత కదిలింది! అది కుబుసం విడిచిందన్నమాట. పాము విడిచినట్టే, ఒళ్లంతటి కుబుసం.

నత్తలది మరో తంతు. అవి ఆటుపోట్ల మధ్య బతికేవి గనుక నీళ్లలోనే ఉండమంటే ఉండవు. తొట్టె దాటి గోడెక్కేవి. ఒకనాడు ఒకటి తెలుగు క్యాలెండరులో ఏకాదశిమీద కూర్చుని ఉంది. అవి ఏ వేళకు పైకెక్కుతాయో నిద్రపట్టని బాపమ్మకు బాగా తెలుసు. "గిప్పుడు దరియల పోటు" అనేది అర్ధరాత్రి. మొదటివారం పట్టికతో పోల్చి చూస్తే చాలాసార్లు కుదిరింది. తరువాత తరువాత తప్పింది. ఇది మా భ్రమేమోనని కొట్టివేసేవాళ్లమే కాని, అబ్బాయి చదివి చెప్పాడు: వెలుతురు, నీటిమట్టం ఏదీ మారని చోట ఉంచినా, తీరపు పీతలు కొన్నాళ్లపాటు పోటు వేళకే చురుకుగా తిరుగుతాయని, బ్రిటన్‌లో నేలర్ అనే శాస్త్రజ్ఞుడు 1958లోనే ప్రకటించాడట. బాపమ్మ వర్లీకి వచ్చిన యేడే. "మరేందనుకున్నవు? నాకు ఊరిడిచి వచ్చినంక ఎన్నొద్దులో తెల్లారంగ కోడి కూత ఇనబడుతుండె. గీడ కోడేడిది?" అంది ఆమె.

తొట్టె పనిలో ఆమె మాకు తోడయింది. నీరు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు. కనుక తగ్గినంత మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరిగిపోతుంది. గాజుమీద గీత కోసం ఒక బొట్టుబిళ్ల అంటించాము. బిళ్లకింద నీరు దిగితే కేకవేయడం బాపమ్మ పని. వారానికోమారు సాగర కుసుమానికి గోరంత రొయ్యముక్క పెట్టాలి. ఎక్కువ పెడితే మిగిలింది కుళ్లి నీళ్లు చెడతాయి. ఆమె ఆ ముక్కను కత్తెరతో కొలిచి కోసేది. అదే రోజున తన పళ్లెంలో రొయ్యల కూర వడ్డించుకుని తినేది కూడా. డాక్టరుగారి మందో, అబ్బాయి మందో మేము చెప్పలేము.

సాగర కుసుమాలు ఎన్నాళ్లు బతుకుతాయి అని ఆమె అడిగితే అబ్బాయి ఒక కథ చెప్పాడు. కథ కాదు, జరిగిందే. 1828లో స్కాట్లాండు తీరంలో సర్ జాన్ డాల్యెల్ అనే పెద్దమనిషి ఒకదాన్ని తెచ్చి గాజుపాత్రలో పెట్టాడు. వందలకొద్దీ పిల్లల్ని పెట్టింది. 1851లో ఆయనే పోయాడు, అది పోలేదు. చేతులు మారుతూ 1887 దాకా బతికింది. అందరూ దాన్ని "బాపమ్మ" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతోనే పిలిచేవారట. మా బాపమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "యాభై తొమ్మిదేండ్లు ఒక్క సీసల" అని మాత్రం అంది కాసేపటికి.

మార్చిలో ఒకరాత్రి రెండింటికి ఆమె మమ్మల్ని లేపింది. "లేవుండ్రి, సప్పుడు ఆగింది!" గాలిపంపు బుడబుడ ఆగిపోయింది. పంపు కాలిపోయింది. ఆ వేళ కొట్లెక్కడివి? చెంబుతో తొట్టెలో నీళ్లు ముంచి, ఎత్తునుంచి మళ్లీ అందులోనే ధారగా పోయడం మొదలుపెట్టాము. గాలి అందాలి గదా! అరగంటకొకరు చొప్పున వంతులు. 1846లో లండనులో అన్నా థిన్ అనే ఆవిడ పగడాలు పెంచినప్పుడు, పంపులు లేని ఆ రోజుల్లో, ఇంటి పనిమనిషి రోజూ ఇలాగే నీళ్లు ఎత్తిపోసేదట. పగడాల పేరుతో యజమానురాలు చరిత్రలో నిలిచింది, ఎత్తిపోసిన చేతుల పేరేమిటో ఎవరికి కావాలి? మా చేతులు తెల్లవారేసరికి పడిపోయాయి. బాపమ్మ కూర్చునే చూస్తూ, "సముద్రం పని మీరెన్నొద్దులు జేస్తరు?" అంది.

ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. అప్పటికి ఇంకో ముచ్చట మొదలయింది. మా తొట్టె చూసి చాల్ పిల్లలందరికీ సముద్రంమీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఏడిళ్లలో ఏడు హార్లిక్స్ సీసాలు. పీతలు, నత్తలు, చేపపిల్లలు. రెండ్రోజులకు అన్నీ చావడం, మళ్లీ వెళ్లి తేవడం. వాళ్లను ఏమనగలం? దారి చూపినవాళ్లం మేమే. ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854లో అక్వేరియం మీద పుస్తకం రాస్తే ఇంగ్లండులో ఇంటింటా ఇదే వేడుకయింది. చివరకు ఆయన ప్రేమించిన తీరాల్లోనే గుంటలు ఖాళీ అయ్యాయని, తండ్రి పుస్తకాలే అందుకు కారణమయ్యాయని, ఆయన కొడుకు 1907లో రాసుకున్నాడు. మాకు పుస్తకం కూడా అవసరం లేకపోయింది. ఒక్క కిటికీ పక్కన ఒక్క తొట్టె చాలింది.

ఏప్రిల్ నాటికి సాగర కుసుమం కూడా చిక్కిపోసాగింది. తెచ్చినప్పుడు పదిరూపాయల బిళ్లకన్న పెద్దగా విచ్చుకునేది. ఇప్పుడు సగం విచ్చి ముడుచుకునేది. స్కాట్లాండు బాపమ్మకు సముద్రపు నీళ్లు తెచ్చి మారుస్తూ ఉండేవారు. మా పొడి ఉప్పు నీళ్లలో దానికి ఏమి తక్కువయిందో, వెలుతురు చాలలేదో! "ఆనకాలం రాకముందే ఇడిచిపెట్టుండ్రి" అని తీర్పు చెప్పింది బాపమ్మ. మరి నీకు? అని మేము అడగలేకపోయాము. అబ్బాయి అడిగేశాడు. "నాకేం, నేను సూసిన" అంది.

విడిచిపెట్టడం కూడా తేలిక కాదు. కొట్లో కొన్న జీవులతో కలిసి ఉన్నవాటిని సముద్రంలో వదిలితే, లేని రోగాలు అక్కడికి చేరే ప్రమాదముందట. మేము కొన్నది ఒక్కటీ వేయలేదు కనుక, ఏ గుంటలోవి ఆ గుంటకే అయితే ఫరవాలేదని తీరపు అమ్మాయి చెప్పింది. మే 16, బుద్ధ పున్నమి సాయంకాలం. చాల్ కుర్రాళ్లు నలుగురు బాపమ్మను కుర్చీతో సహా మూడంతస్తులు దింపారు. పది నెలల తరువాత ఆమె సముద్రం చూడటం అదే. గట్టుమీద కుర్చీ వేశాము. అబ్బాయి నోటుపుస్తకం పట్టుకుని కిందికి దిగి, బకెట్టులోకి గుంటనీళ్లు కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేసి, ఒక్కొక్కటే వదిలాడు. ఏడు సీసాల పిల్లలూ వెనకాలే దిగారు, బతికున్నవాటితో. ఇంత దూరానికి ఆమెకు ఏమీ కనబడి ఉండదు. అయినా పోటు మొదలై రాళ్లు మునిగేదాకా లేవనన్నది.

తొట్టె ఇప్పుడు అటకమీద ఉంది. కుట్టుమిషను తన చోటికి తాను వచ్చింది. ఆటుపోట్ల పట్టిక మంచం పక్క గోడకు ఉంటుంది. అమావాస్యకు, పున్నమికి అబ్బాయి రాళ్లమీదికి వెళ్లి, చూసినవి రాసుకుని వచ్చి బాపమ్మకు చదివి వినిపిస్తాడు. అంతా విని ఆమె అడిగేది ఒకటే.

"మన కిరాయిదారు కనబడ్డడా?"

"అన్నీ ఒక్క తీరుగనే ఉంటాయి బాపమ్మా, ఏది మనదో ఎట్లా తెలుస్తుంది?"

"ఉంటే ఉండనీ. కనబడ్డడని చెప్పు."